ఓడిన టిక్కెట్లకు లెక్క లేదా?

బెంగళూరులో ఒక రవాణా సంస్థలో పనిచేస్తున్న పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దన్నారు. వయసు ముప్పై ఆరు, సొంత ఊరు అనంతపురం వైపు. భార్య, రెండో తరగతి చదివే కూతురు. ఏడాదికి 7,60,000 రూపాయల జీతం. ఉత్తరాన్ని కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

మూడేళ్ల క్రితం ఆఫీసు మిత్రులతో కలిసి శనివారాలు గుర్రప్పందేలకు వెళ్లడం మొదలుపెట్టారు. ఫోనులో డబ్బు పెట్టి ఆడే క్రికెట్ ఆట కూడా అలవాటైంది. పండక్కి ఊరు వెళుతున్నప్పుడు రైలు హిందూపురం చేరేసరికి ఆ యాప్ పనిచేయడం మానేసేదట. మళ్లీ కర్ణాటకలో అడుగుపెట్టేదాకా చేతులు ఊరకుండేవి కావని రాశారు. 2024-25లో ఒక శనివారం రేసుల్లో జాక్‌పాట్ తగిలింది. 2,40,000 రూపాయలు. అందులో 72,000 పన్ను పట్టుకుని 1,68,000 ఇచ్చారు. ఆ రోజు ఇంటికి మిఠాయి తీసుకువెళ్లారు. భార్య వీధిలో నాలుగిళ్లకు పంచింది. అదే ఏడాది చిన్న చిన్న గెలుపులు మరో 60,000 దాకా నగదుగా వచ్చాయి. ఒక్కొక్కటి పదివేల లోపే. వాటి మీద ఎవరూ పన్ను పట్టుకోలేదు. ఫోను ఆటలో 1,80,000 వేసి, పన్ను పట్టుకోక ముందు లెక్కలో 2,65,000 తీశారు. మార్చి 31న ఖాతాలో 5,000 మిగిలింది. అంటే 90,000 లాభం, దాని మీద 27,000 పట్టుకున్నారు.

మరి రేసుల్లో పెట్టింది ఎంత? రేస్ బుక్కుల అంచుల మీద రాసుకున్న అంకెలన్నీ కూడి చూస్తే 4,10,000 తేలింది. "అన్నీ కలిపితే నేను ఇరవై వేలు పోగొట్టుకున్నవాణ్ణి, గెలిచినవాణ్ణి కాదు" అని రాశారు. ఆ 4,10,000 సంగతి భార్యకు తెలియదు. ఆమెకు తెలిసింది మిఠాయి వరకే.

జులైలో సహోద్యోగి ఒకరు "రిఫండు తెప్పించే మనిషి"ని పరిచయం చేశారు. ఆయన జీతం ఒక్కటే చూపించి రిటర్ను వేశారు. పట్టుకున్న 99,000 మొత్తం వెనక్కు అడిగారు. సెప్టెంబరులో డబ్బు వచ్చింది. ఆయన పది శాతం, అంటే 9,900 తీసుకున్నారు. మిగిలిన దానితో భార్యకు కాసు బంగారంతో గొలుసు చేయించారు. ఆమె దాన్ని "రిఫండు గొలుసు" అంటుంది. 2025 నవంబరు మొదటి వారంలో ఆదాయపు పన్ను శాఖ నుంచి సందేశం వచ్చింది. మీ రిటర్నుకూ మా దగ్గరున్న సమాచారానికీ పొంతన లేదు, సరిచూసుకోండి అని. రిఫండు మనిషి ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. ఎత్తిన ఒక్కసారి "చిన్న మొత్తాలు సార్, ఊరుకోండి" అన్నారట. మరో మిత్రుడు ఊళ్లో నాన్నగారి పొలం మీద వచ్చిన ఆదాయంగా చూపించమన్నారు.

పాఠకుడి ప్రశ్నలు ఇవి. ఓడినవాడికి పన్ను ఏమిటి? గుర్రప్పందెం నైపుణ్యమని సుప్రీంకోర్టే చెప్పింది కదా, నష్టాన్ని ఎందుకు తీసివేయరు? ఆగస్టులో ఫోను ఆటలు నిషేధించారు కాబట్టి ఆ డబ్బు చూపిస్తే కేసు పెడతారా? నగదుగా వచ్చిన 60,000 చెప్పాలా? అన్నిటికన్నా చివర, చిన్న అక్షరాలతో: "మా ఆవిడకు చెప్పకుండా దీన్ని సర్దుబాటు చేసే దారి ఉందా?"

సమాధానం

మీ ఉత్తరంలో అంకెలన్నీ ఉన్నాయి. నాకు వచ్చే ఉత్తరాల్లో ఇది అరుదు. సాధారణంగా గెలుపు రూపాయలతో సహా రాస్తారు, ఓటమి "కొంత" అని రాస్తారు. మీరు రెండూ రాశారు కాబట్టి నేనూ అంకెలతోనే మాట్లాడతాను. కొన్ని చేదుగా ఉంటాయి.

ముందు మీ కోపం సంగతి. అది న్యాయమైన కోపమే. మీరు ఏడాది మొత్తాన్ని ఒక సంచిలా చూస్తున్నారు. లోపలికి ఇంత వచ్చింది, బయటికి అంతకన్నా ఎక్కువ పోయింది, ఇక పన్ను దేనికి అని. చట్టం ఆ సంచిని చూడదు. గెలిచి డబ్బు తీసుకునే కిటికీ దగ్గర మాత్రమే నిలబడి రాసుకుంటుంది. ఓడిన టిక్కెట్లు చింపి పారేసే చోటికి రాదు. లాటరీలు, పదకేళీలు, గుర్రప్పందేలతో సహా అన్ని రేసులు, పేకాట, ఇతర పందేలు అన్నిటినీ ఒక గాటన కట్టి, వాటి గెలుపు మీద విడిగా పన్ను వేసే 115బీబీ సెక్షన్ 1986లో వచ్చింది. ఇప్పుడు రేటు 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం. ఈ ఆదాయంలోంచి ఏ ఖర్చూ తీసివేయకూడదని మరో సెక్షన్ చెబుతుంది. ఓడిన పందెం కూడా ఆ "ఏ ఖర్చూ"లోకే పోతుంది. నష్టాన్ని జీతంతో సరిపెట్టుకోవడానికీ, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ వీలు లేదు.

నైపుణ్యం వాదన చాలామంది తెస్తారు. మీరు చెప్పింది నిజమే. 1996లో మద్రాసు రేసు క్లబ్బు వ్యవహారంలో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడినదని చెప్పింది. అంతకు ముందు 1968లో రమ్మీ గురించి దాదాపు అదే మాట చెప్పింది. ఆ కేసు మన సికింద్రాబాదులోని ఒక క్లబ్బు నుంచే వెళ్లింది. అయితే ఆ తీర్పులు తేల్చింది ఆడటం నేరమా కాదా అన్న సంగతి. పన్ను ప్రశ్న వేరు. పన్ను సెక్షన్ గుర్రప్పందేలను పేరు పెట్టి మరీ చెప్పింది కాబట్టి మీ నైపుణ్యం ఎంతటిదైనా అక్కడ పనికిరాదు. ఇందులో ఒక విడ్డూరం ఉంది. రేసు గుర్రాన్ని సొంతంగా పెంచేవాడికి దాణా ఖర్చు లెక్కలోకి వస్తుంది, నష్టం వస్తే నాలుగేళ్లు మోసుకుపోయి అదే రకం ఆదాయంతో సరిపెట్టుకోవచ్చు. గుర్రం మీదైతే నష్టానికి విలువ ఉంది. గుర్రం మీద ఆశ మాత్రమే మీదైతే లేదు.

ఫోను ఆటకు మాత్రం చట్టం కాస్త మెత్తబడింది. 2023 ఫైనాన్స్ చట్టంతో వచ్చిన పద్ధతిలో తీసిన మొత్తానికి ఏడాది చివర మిగిలిన నిల్వ కలిపి, వేసిన మొత్తాన్నీ మొదట ఉన్న నిల్వనూ తీసివేసి, మిగిలిన నికర గెలుపు మీదే పన్ను వేస్తారు. అందుకే మీకు 2,65,000 మీద కాక 90,000 మీద పట్టుకున్నారు. రేసుల్లోనూ ఇదే పద్ధతి ఉంటే ఆ గెలుపుల మీద మీకు పన్నే ఉండేది కాదు. ఉండాలని నా అభిప్రాయం కూడా. కానీ నా అభిప్రాయంతో మీ రిటర్ను వేయలేం.

ఇప్పుడు మీరు గమనించని దెబ్బ ఒకటి చెప్పాలి. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు.

మీ జీతం 7,60,000. కొత్త పన్ను విధానంలో ప్రామాణిక మినహాయింపు 75,000 పోగా 6,85,000. మొత్తం ఆదాయం ఏడు లక్షల లోపు ఉంటే రిబేటు వచ్చి ఆ ఏడాది పన్ను సున్నా అయ్యేది. అందుకే మీ సంస్థ జీతంలోంచి ఏమీ పట్టుకోలేదు. ఇప్పుడు గెలుపులు కలపండి. జాక్‌పాట్ 2,40,000, ఫోను ఆట 90,000, నగదు 60,000. మొత్తం 3,90,000. ఆదాయం 10,75,000 అవుతుంది. ఏడు లక్షల గీత దాటారు కాబట్టి రిబేటు ఎగిరిపోయింది. మీ జీతం ఒక్క రూపాయి పెరగకపోయినా దాని మీద 19,250 పన్ను పడింది. గెలుపుల మీద 1,17,000. రెండూ కలిపి, సెస్సు వేస్తే 1,41,700 రూపాయలు.

అందులో 99,000 ఒకప్పుడు కట్టి ఉన్నారు. కాని దాన్ని వెనక్కు తెచ్చేసుకున్నారు. కాబట్టి ఈ రోజున మీ మీద ఉన్న బాకీ మొత్తం 1,41,700, పైన వడ్డీ కొన్ని వేలు. పందేల్లో పోయిన ఇరవై వేలు, రిఫండు మనిషికి ఇచ్చిన 9,900 కూడా కలిపితే ఆ ఏడాది ఆట మీకు 1,71,600 రూపాయలకు తేలింది. రెండున్నర నెలల జీతం కన్నా ఎక్కువ. గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడ్చాడని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ రిఫండు మనిషి చేసిన పని ఏమిటో మీకు స్పష్టంగా తెలియాలి, ఎందుకంటే దాని కింద ధ్రువీకరణ మీది. పెళ్లికి అద్దెకు తెచ్చిన గిన్నెలు తిరిగి ఇవ్వకుండా, వాటికి కట్టిన డిపాజిట్ మాత్రం అడిగి పుచ్చుకున్నట్టు ఉంది ఇది. ఏ ఆదాయం మీద పన్ను పట్టుకున్నారో ఆ ఆదాయాన్ని చూపిస్తేనే ఆ పన్ను మీ ఖాతాలో జమ అవుతుంది. ఆదాయం దాచి, పన్ను మాత్రం వెనక్కు అడిగితే ఆ రెండు వరుసలూ శాఖ కంప్యూటరులో పక్కపక్కనే కనబడుతూ ఉంటాయి. దానికి తోడు ఆయన వాడిన ఫారం కూడా తప్పే. రేసు గెలుపులు ఉన్నవారు ఐటీఆర్-1 వేయడానికి వీలు లేదు, ఐటీఆర్-2 వేయాలి. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్నవాడిగా ఒక మాట. ఫీజును రిఫండులో శాతంగా అడిగే మనిషి కనబడితే చెప్పులు వేసుకుని బయటికి నడవండి.

ఇక మీ ముందున్న దారులు.

ఊరుకోవడం ఒకటి. మీకు వచ్చింది ఇంకా నోటీసు కాదు, సరిచూసుకోమనే సందేశం. ఊరుకుంటే కొన్ని నెలలు ఏమీ జరగకపోవచ్చు, అదే ఇందులోని ప్రమాదం. జాక్‌పాట్, ఫోను ఆట రెండూ మీ పాన్ మీద నమోదై ఉన్నాయి. వాటిని ఎవరూ చెరపలేరు. మీ రిటర్నును పరిశీలనకు తీసుకుంటున్నామని నోటీసు ఇవ్వడానికి శాఖకు 2026 జూన్ 30 వరకు గడువు ఉంది. అది దాటినా తిరగదోడే అధికారం వేరే ఉంది. అప్పుడు పన్ను, వడ్డీతో పాటు తక్కువ చూపినందుకు ఆ పన్నులో 50 శాతం జరిమానా పడవచ్చు. కావాలని తప్పుగా చూపారని తేల్చితే 200 శాతం. సందేశం వచ్చాక కూడా ఊరుకున్న మనిషి "నాకు తెలియక జరిగింది" అని చెబితే నమ్మడం కష్టం.

నాన్నగారి పొలం ఆదాయంగా చూపడం రెండోది. ఇది ఊరుకోవడం కన్నా చెడ్డది. జాక్‌పాట్ ఇచ్చినవారు అది జాక్‌పాట్ అని రాసి పంపారు, మీరు వేరుశనగ అంటారు. పైగా రేపు ఎవరైనా అడిగితే ఏ పంట, ఎన్ని బస్తాలు, ఏ మార్కెట్టు యార్డు అని సమాధానం చెప్పవలసింది మీ నాన్నగారు. ఆ వయసులో ఆయనకు ఆ పరీక్ష పెట్టకండి.

మూడోది, 2025 డిసెంబరు 31 లోపు సవరించిన రిటర్ను వేయడం. ఐటీఆర్-2లో గెలుపులన్నీ చూపించి, తేడా పన్ను వడ్డీతో కట్టడం. ఇలా చేస్తే తప్పును మీ అంతట మీరే దిద్దుకున్నట్టు అవుతుంది. జరిమానా మాట చాలావరకు తప్పుతుంది. ఇప్పటికే వచ్చేసిన 99,000 ఏ దశలో, ఎలా తిరిగి కట్టాలన్నది ఆడిటరుతో కూర్చుని తేల్చుకోండి. ఆ మొత్తం మాత్రం చేతిలో సిద్ధంగా ఉంచుకోండి, అడిగినప్పుడు చూద్దామని వేరే దానికి వాడకండి. దీని ఇబ్బంది ఒక్కటే, సమయం. నవంబరు సగం అయిపోయింది. లక్షన్నర దాకా డబ్బు ఆరు వారాల్లో పుట్టాలి.

అప్పటికి పుట్టకపోతే నాలుగో దారి ఉంది. గడువు దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్ను. 2027 మార్చి 31 లోపు వేస్తే పన్ను, వడ్డీల మీద 25 శాతం అదనం. ఆ తరువాత ఏడాదికి 50, ఆపైన 60, చివరి ఏడాది 70. మీ బాకీ మీద 25 శాతం అంటే 35,000 పైమాటే. సవరించిన రిటర్నుకు డబ్బు దొరక్క అప్పు చేస్తే దాని వడ్డీ ఇంత కాదు. పైగా మధ్యలో పరిశీలన నోటీసు వచ్చిందంటే ఈ తలుపు మూసుకుపోతుంది.

నేనైతే మూడో దారి పడతాను. మీరు ఏది పడతారో మీ ఇష్టం. కాని నాలుగోది "తరువాత చూసుకోవచ్చు" అన్న ధైర్యం కోసం పెట్టుకోకండి. ఆ మాట మీకు కొత్త కాదు, ప్రతి శనివారం ఆఖరి రేసుకు ముందు అనుకున్నదే.

నగదు 60,000 సంగతి. చట్టం ప్రకారం అదీ ఆదాయమే. పదివేల హద్దు పన్ను పట్టుకోవడానికి మాత్రమే. పన్ను పడటానికి హద్దు లేదు, మొదటి రూపాయి నుంచే పడుతుంది. దాని వల్ల మీకు పెరిగే భారం 18,720. ఆ డబ్బుకు రసీదు లేదు, ఎవరూ శాఖకు చెప్పలేదు, మీరు వదిలేస్తే బయటపడకపోవచ్చు. ఈ మాట నేను దాచను, ఎందుకంటే మీకది ఈసరికే తెలుసు. అయినా పైన నేను వేసిన లెక్కలో దాన్ని కలిపే వేశాను. సవరించిన రిటర్ను కింద "నాకు తెలిసినంతవరకు ఇది సంపూర్ణం" అని మీరు ధ్రువీకరిస్తారు. ఒక తప్పు ధ్రువీకరణను దిద్దడానికి వేసే కాగితం మీద ఇంకో తప్పు ధ్రువీకరణ ఎందుకు? మీ దగ్గర రేస్ బుక్కులు ఉన్నాయి, వాటి అంచుల మీద తేదీలతో అంకెలు ఉన్నాయి. అంతకన్నా మంచి ఆధారం ఈ వ్యవహారంలో ఎవరి దగ్గరా ఉండదు.

ఫోను ఆటల నిషేధం గురించి భయపడకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అందులో శిక్షలు ఆట నడిపేవారికి, ప్రకటనలు వేసేవారికి, డబ్బు చేరవేసేవారికి. ఆడినవారికి కాదు. పైగా మీరు చూపించబోయేది అంతకు ముందటి ఏడాది ఆదాయం, అదీ కర్ణాటకలో కూర్చుని ఆడినది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇలాంటి ఆటలు ఆపేశాయి. హిందూపురం దగ్గర మీ ఫోను మొండికేయడానికి కారణం అదే. ఆట ఆగిపోయినంత మాత్రాన పాత గెలుపు మీద పన్ను ఆగదు. ఆ ఖాతాలో మిగిలిన 5,000 ఇంకా తీసుకోకపోయి ఉంటే తీసేసుకోండి.

డబ్బు ఎక్కడి నుంచి? మీరు మూడు మార్గాలు రాశారు: జీతం మీద అడ్వాన్సు, బ్యాంకు అప్పు, గొలుసు. నాలుగోది మీరు రాయలేదు కాని పంక్తుల మధ్య నాకు కనబడింది. "సీజను మొదలైంది కదా" అన్న వాక్యం అక్కడ ఎందుకుందో మీరే ఆలోచించుకోండి. పోయినచోటే వెతుక్కోవాలన్న సామెత సూదికి వర్తిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పందెం మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది, అదీ పెట్టిన పందెం పూర్తి మొత్తం మీద. గుర్రం గేటు దాటక ముందే ఆ కోత. గెలిస్తే 31.2 శాతం కోత. ఓడితే ఏదీ తిరిగి రాదు. పన్ను బాకీ 1,41,700ను ఈ దారిలో సంపాదించాలంటే కోతకు ముందు రెండు లక్షలకు పైగా గెలవాలి, ఆ గెలుపుకు ముందు ఎంత పెట్టవలసి వస్తుందో మీ రేస్ బుక్కుల్లో ఉంది. మీ మిత్రుడు చెప్పిన గోవా క్యాసినో కూడా ఇదే సెక్షన్ కిందికి వస్తుంది, నీళ్ల మీద ఉన్నంత మాత్రాన పన్ను మునిగిపోదు.

ఈ ఏడాది ఇప్పటికే కొన్ని గెలుపులు ఉండి ఉంటాయి. 2025-26కు పన్నెండు లక్షల వరకు పన్ను లేదని అందరూ అంటుంటే అవీ తప్పించుకుంటాయని అనుకోకండి. ఆ రిబేటు మీ జీతానికి వస్తుంది, గెలుపులకు రాదు.

అడ్వాన్సు, అప్పు, గొలుసుల్లో ఏది వాడాలన్నది నేను తేల్చలేను. అడ్వాన్సుకు వడ్డీ లేదు కాని నెలనెలా చేతికి వచ్చే జీతం తగ్గుతుంది, తగ్గిందని ఇంట్లో తెలుస్తుంది. అప్పు తీసుకుంటే వాయిదా తెలుస్తుంది. గొలుసు సంగతి చెప్పనక్కరలేదు. మూడింటిలో ఏదీ ఆవిడకు తెలియకుండా జరగదు. మీ చివరి ప్రశ్నకు సమాధానం ఇదే. దారి లేదు. ఉన్నా నేను చెప్పేవాణ్ణి కాదేమో గాని, నిజంగానే లేదు.

నాకు మీ ఉత్తరంలో ఒక విషయం పదేపదే కనబడింది. గెలుపును మాత్రమే లెక్కపెట్టి ఓటమిని చూడనందుకు చట్టం మీద మీకు కోపం. ఇంట్లో మీరు చేసిందీ అదే. మిఠాయి డబ్బాతో వెళ్లారు, చింపిన టిక్కెట్లతో ఎప్పుడూ వెళ్లలేదు. మీ ఐటీఆర్-2లో ఆ 4,10,000 రాయడానికి ఒక్క గడి కూడా ఉండదు. ఏ అధికారీ ఆ అంకె అడగడు. దాన్ని అడిగే హక్కు ఉన్నది ఆవిడ ఒక్కరికే, ఆమెకు అడగాలని కూడా తెలియదు.

ఎలా చెప్పాలన్నది మీకు నాకన్నా బాగా తెలుసు. కాని పన్ను ముందు చెప్పి పందేలు తరువాత చెప్పకండి. "గవర్నమెంటు అన్యాయంగా పన్ను వేసింది" అని మొదలుపెడితే ఆమె మీ పక్షాన నిలబడి శాఖను తిడుతుంది, ఆ తరువాత అసలు సంగతి చెప్పడానికి మీకు నోరు రాదు. 4,10,000తో మొదలుపెట్టండి. ఆమె కోప్పడవచ్చు, పుట్టింటికి ఫోను చేయవచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. గొలుసు తీసి బల్ల మీద పెట్టవచ్చు కూడా. పెడితే వెంటనే అందుకోకండి. అది నిజంగా అవసరమా కాదా అన్నది ఇద్దరూ కలిసి లెక్క చూశాక తేల్చుకునే మాట. చెప్పకపోతే ఏమవుతుందన్నది కూడా ఆలోచించండి. డిమాండు కాగితం ఏదో ఒక రోజు ఇంటికి వస్తుంది. ఆ సమయానికి మీరు ఆఫీసులో ఉంటారు.

ఇంకొకటి అడగాలి. మీరు ఉత్తరంలో "మానేద్దామని నాలుగుసార్లు అనుకున్నాను" అని రాశారు. నాలుగుసార్లు అనుకుని మళ్లీ వెళ్లారంటే ఇది లెక్కలతో తెగే వ్యవహారం కాకపోవచ్చు. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉంది, నంబరు 14416, తెలుగులో మాట్లాడవచ్చు. మీరున్న ఊళ్లోనే నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉంది, అక్కడి వైద్యులకు ఇలాంటివారిని చూడటం రోజూ ఉండే పని. ఇది మీకు అవసరమో కాదో నేను చెప్పలేను. ఒక పరీక్ష చేసుకోండి. రాబోయే మూడు శనివారాలు ఎలాగూ ఆడిటరు కాగితాలకు కావాలి. ఆ మూడు మధ్యాహ్నాలూ ఇంట్లో కూర్చోగలిగారా లేదా చూడండి.

ఆడిటరు దగ్గరికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లవలసినవి: ఫారం 16, ఏఐఎస్, 26ఏఎస్ (మీ ఆదాయం, పట్టుకున్న పన్ను గురించి శాఖ దగ్గరున్న పట్టికలు) ప్రతులు, ఫోను ఆట ఖాతా ఏడాది వివరాలు (ఆ యాప్ ఇంకా తెరుచుకుంటూ ఉండగానే దించుకోండి), రిఫండు పడిన బ్యాంకు పేజీ, మీరు స్కూటరు సీటు కింద పెట్టిన రేస్ బుక్కులు. ఫీజు ముందే మాట్లాడుకోండి, శాతం కాకుండా. రేస్ బుక్కులు మాత్రం అక్కడికి వెళ్లే ముందు ఒక రాత్రి ఇంట్లో, భోజనాల బల్ల మీద ఉండనివ్వండి. కూడికలో తప్పులు ఉండవచ్చు. మీ ఆవిడ బీకాం చదివారని రాశారు కదా.